మోరీ మీద పేరు

ఇబ్రహీంపట్నం,
28 జూలై 2006

మరిది బాలరాజ్‌కు,

మీ వదినె అండాళమ్మ వ్రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మీ అన్న నేర్పిన పద్ధతి. ఆయన పోయాక ఈ ఇంట్లో అందరం అంటే నేనొక్కదాన్నే. నరసింహస్వామి దయవల్ల బాగానే ఉన్నాను.

నువ్వు పంపిన కంప్యూటర్ నిన్న బుచ్చి ఆటోలో వచ్చింది. "తుర్కయాంజాల్ నుంచి ఎక్కినోళ్లందరు టీవీ అనుకున్నరు అక్కా, సీరియల్ పెట్టుమని ఒకటే లొల్లి" అని నవ్వుతూ దించిపోయాడు. దీపం పెట్టుకుని, తీగలన్నీ తగిలించి బటన్ నొక్కాను. నల్లటి తెర మీద ఒక ఇంగ్లీషు ముక్క వచ్చి ఆగిపోయింది. నా పదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. నడిపించేది లోపల ఏదీ లేదట. అంటే విండోస్ తీసేసి ఒట్టి డబ్బా పంపావు.

మన పంపకాలకు పెద్దమనిషిగా కూర్చున్న రోజు మల్లేశయ్య మామ ఏమన్నాడో గుర్తు చేస్తాను. "బాలరాజూ, దుకాణం నీకే ఉండనియ్యి. ఒక కంప్యూటర్ మీ వదినెకియ్యి. నడిచేటట్టు చేసి ఇయ్యాలె, ఎట్ల నడుపాల్నో చెప్పాలె." నువ్వు తల ఊపావు. నడిచేటట్టు అన్న మాట దారిలో ఎక్కడో దిగిపోయినట్టుంది.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని నవ్వుకుంటావు. మీ అన్న పేరున్న రేకు బోర్డును నీ దుకాణం ముందు మురికినీళ్ల మోరీ మీద పరిచావు. ఎల్బీనగర్ పోతూ బస్సు కిటికీలోంచి చూశాను. "సాయన్న, దస్తావేజు లేఖరి" అన్న అక్షరాల మీదుగా ఒకడు మోటారు సైకిలు ఎక్కిస్తున్నాడు. ఆ పేరు అక్కడ ఉన్నంతకాలం నీతో మాట్లాడనని ఇంటికొచ్చి స్వామి ముందు ఒట్టు పెట్టుకున్నాను. "ఒట్టు పెట్టింది నోరు గదా, చెయ్యి పెట్టలే. రాయి" అని తీర్పు చెప్పింది కూడా మల్లేశయ్య మామే.

నా కోరిక దాచను. ముందు గదిలో కంప్యూటర్ పెడతాను. గుమ్మం మీద మీ అన్న పేరు పెడతాను. ఆయన చెబుతుంటే ఊళ్లో సగం దస్తావేజులకు శుద్ధప్రతి వ్రాసిన చేయి ఇది. ఇప్పుడు ఆ పేరు తొక్కుకుంటూ నీ దుకాణంలోకి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే నా గుమ్మానికి తిరుగుతారు. అది కళ్లారా చూడాలి. విండోస్ పంపు.

నీ సంగతి స్వామికి అప్పజెప్పి,
అండాళమ్మ

*

తుర్కయాంజాల్,
31 జూలై 2006

వదినెకు బాలరాజ్ దండాలు.

మోరీ మీది బండ పగిలింది. దుకాణంలోకి వచ్చేవాళ్లు కాలు జారి పడుతున్నారని పనివాడు చేతికి దొరికిన రేకు వేశాడు. వానలు తగ్గాక తీయిస్తాను. ఇంత చిన్నదానికి ఒట్లు, పంచాయితీలు. అన్న నీకే కాదు, నాకూ అన్నే.

నీ పోటీకి నాకేం భయం లేదు. ఇక్కడ ప్లాట్లు కూరగాయల్లా అమ్ముడుపోతున్నాయి. కాగితాలు ప్రింటు తీయడానికే పొద్దు చాలక అన్నం దుకాణంలోనే తింటున్నాను. వీళ్లందరూ ఇబ్రహీంపట్నం వెతుక్కుంటూ వస్తారా? "అక్కకు కంప్యూటర్ ఏం జేసుకోను, దానికి పూలదండ ఏసి కూసుంటది" అన్నది రమ. నేను అనలేదు, నా భార్య అన్నది.

విండోస్ సీడీ బుచ్చి చేతికి ఇచ్చాను. అచ్చు ఉన్న వైపు పైకి, మెరిసే వైపు కిందికి ఉండేలా పెట్టు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేయి. ఏదో ఒక బటన్ నొక్కమంటుంది, నొక్కు. నీలం తెర వస్తుంది. ఒప్పందం చూపించి ఎఫ్ ఎనిమిది నొక్కమంటుంది. నీలాగా అంతా చదువుతూ కూర్చోవద్దు, ఎవరూ చదవరు. తర్వాత పసుపు గీత ఒకటి నింపుకుంటూ పోతుంది. అది నిండాక దానంతట అదే ఆగి మొదలవుతుంది. అప్పుడు మాత్రం బటన్ నొక్కకు, నొక్కితే మళ్లీ మొదటికొస్తుంది.

చంటిపిల్లలు కూడా చేస్తున్నారు. నువ్వూ చేస్తావులే.

మరిది,
బాలరాజ్

*

ఇబ్రహీంపట్నం,
5 ఆగస్టు 2006

బాలరాజ్‌కు,

రమ అన్నదని వ్రాశావు కాబట్టి రమకే జవాబు చెప్పు. పూలదండ వేశాను. శ్రావణ శుక్రవారం, చామంతులు.

పనిముట్టుకు పూజ చేయకుండా మీ అన్న కలం కూడా తెరిచేవాడు కాదు. నా చేత్తో బొట్టు పెడితే మళ్లీ ఏదో ఒకటి అంటారని సుక్కమ్మక్కను పిలిచాను. నీకు ఇంటికి జాగా ఇస్తానన్న సుక్కమ్మక్కే. పసుపుకుంకుమలతో ఉన్న మనిషి, చేయి చల్లనిది. కంప్యూటర్‌కు, కీబోర్డుకు, సీడీకి అన్నింటికీ గంధం పెట్టి కుంకుమ అద్దింది. సీడీకి ఒక వైపు అక్షరాలున్నాయి. అక్షరం సరస్వతి కదా, దాని మీద వద్దని అద్దంలా మెరిసే వైపు అంచున పెట్టించాను. హారతి ఇచ్చి మొదలుపెట్టాను.

నువ్వు చెప్పినవన్నీ వచ్చాయి. ఒప్పందం అంతా చదివాను, సగం అర్థమైంది. చదవకుండా ఒప్పుకోవడం మీ అన్న ఇంట్లో లేదు. నీలం తెర మీద పసుపు గీత కదులుతుంటే సుక్కమ్మక్క దండం పెట్టింది. సగం దాటాక గీత ఆగింది. ఫలానా ఫైలు కాపీ చేయడం కుదరలేదు, మళ్లీ ప్రయత్నించాలంటే ఎంటర్ నొక్కు అని వచ్చింది. నొక్కాను. అదే మాట. మొదటి నుంచి చేశాను. సరిగ్గా అక్కడికే వచ్చి అదే మాట.

"నీ మరిది లెక్కనే ఉన్నదే అండాళూ. సగం దాక మంచిగనే వస్తది, ఆడ మొండికేస్తది" అన్నది సుక్కమ్మక్క.

నాకు నవ్వు రాలేదు. సగందాకా నడిచి ఆగే సీడీని ఏరి పంపావా అని అడుగుతున్నాను. నా గుమ్మం మీద బోర్డు లేచేదాకా నీకు ఎన్నాళ్లు కలిసొస్తే అన్నాళ్లు లాభం మరి.

అడిగినదానికి సూటిగా చెప్పు.
అండాళమ్మ

*

తుర్కయాంజాల్,
9 ఆగస్టు 2006

వదినెకు,

ఏరి పంపడానికి అవేమన్నా మామిడిపండ్లా? అదే సీడీతో నా దుకాణంలో రెండు కంప్యూటర్లకు విండోస్ ఎక్కించాను. నీ దగ్గరికి వచ్చేసరికి దానికి రోగం వచ్చిందంటే నేనేం చేయను?

ఒకే చోట ఆగుతున్నదంటే సీడీ మీద గీతో మరకో ఉండాలి. వెలుతురులో పెట్టి మెరిసే వైపు చూడు. మరక ఉంటే మెత్తని బట్టతో తుడువు.

అది కాకపోతే ర్యామ్ అయి ఉంటుంది. కరెంటు తీసి, డబ్బా పక్క రేకు విప్పు. లోపల వేలెడు పొడుగు ఆకుపచ్చ ముక్క నిలబెట్టి ఉంటుంది, రెండు చివర్లా తెల్లటి కొక్కేలు. కొక్కేలు వంచితే బయటికి వస్తుంది. దాని అంచున బంగారు రంగు పళ్లుంటాయి. పిల్లలు పెన్సిల్ చెరిపే రబ్బరుతో వాటిని రుద్ది, మళ్లీ టక్కుమనేదాకా నొక్కు. చాలా కంప్యూటర్లు దీంతోనే బాగవుతాయి.

ఇంకో సీడీ కూడా పంపుతున్నాను, కొత్తది, కవరు కూడా విప్పలేదు. ఇక అనుమానం పెట్టుకోకు. నేను పగ తీర్చుకోవాలంటే సీడీలతో ఎందుకు తీర్చుకుంటాను?

బాలరాజ్

*

ఇబ్రహీంపట్నం,
14 ఆగస్టు 2006

బాలరాజ్‌కు,

పగ దేనితో తీర్చుకుంటావో నాకు తెలుసు. మోరీ బండతో.

డబ్బా విప్పాను. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాను, పళ్లు దేవుడి గంటలా తళతళలాడాయి. టక్కుమనేదాకా నొక్కాను. సీడీ ఎండలో పట్టుకుని చూశాను. గీత లేదు, మరక ఒక్కటీ లేదు. పూజ చేసిన వస్తువు మీద మరక ఎందుకుంటుంది?

మొదటిసారి లోపం పూజలో జరిగిందేమోనని, కొత్త సీడీకి సుక్కమ్మక్క చేత ఇంకా నిండుగా పెట్టించాను. ఇదైతే సగందాకా కూడా రాలేదు. గీత మొదలవకముందే ఆగింది. పాత సీడీ మళ్లీ పెడితే అదీ ఇప్పుడు మొదట్లోనే ఆగుతున్నది. నువ్వు చెప్పిన వైద్యం చేసినకొద్దీ రోగం ముదిరింది. ఏ మనిషికైనా ఏమనిపిస్తుంది?

శనివారం భజన అయ్యాక ఆడవాళ్లు అడిగారు, "దుకాణం తెరుస్తనంటివి, ఏమాయె అక్కా?" అని. అబద్ధం ఆడలేను కదా. మరిది పంపిన సీడీలు నడవడం లేదని చెప్పాను. మీ అన్న పేరున్న బోర్డు ఎక్కడుందో అడిగారు. మోరీ మీద ఉందని చెప్పాను. గొంతు పెంచలేదు, ఒక్క మాట ఎక్కువ అనలేదు. భూములమ్మే ఇళ్ల ఆడవాళ్లే అందరూ. వాళ్ల అత్తమామల కాగితాలు వ్రాసింది మీ అన్న.

ఇంకో శనివారం వస్తుంది.
అండాళమ్మ

*

తుర్కయాంజాల్,
19 ఆగస్టు 2006

వదినెకు,

మా మీద ఇంత విషం ఉందనుకోలేదు. నిన్న పొద్దున షేర్ ఆటో దిగి ఏడుగురో ఎనిమిది మందో ఆడవాళ్లు నా దుకాణం ముందు వరుసగా నిలబడ్డారు. లోపలికి రారు, మాట్లాడరు. మోరీ వైపు చూస్తూ నిలబడి, మళ్లీ ఆటో ఎక్కి పోయారు. కౌలు కాగితం వ్రాయించడానికి వచ్చిన ఆసామి అది చూసి "ఏందన్నా, ఎవరన్న సచ్చిపోయిన్రా?" అని అడిగాడు. రమ తలుపేసుకుని ఏడ్చింది.

పేరు కాళ్ల కింద ఉండొద్దన్నది కదా నీ బాధ. అదే సాయంత్రం రేకు తిరగేయించాను. ఇప్పుడు పేరు కిందికి ఉంది, ఒక్కరి చెప్పు కూడా దాని మీద పడదు. వెళ్లి నీ భజన వాళ్లకు చెప్పు.

కంప్యూటర్‌కు ఇక ఉత్తరాలతో కాదు, మా మెకానిక్ మత్తయిని పంపుతున్నాను. తప్పు నాదని తేలితే అందరి ముందు కాళ్లు మొక్కుతాను. నీదని తేలితే ఏం చేస్తావో నువ్వే చెప్పు.

బాలరాజ్

*

ఇబ్రహీంపట్నం,
21 ఆగస్టు 2006

బాలరాజ్‌కు,

పేరు కిందికి తిప్పానని సంతోషంగా వ్రాశావు. ఇన్నాళ్లూ మీ అన్న జనం చెప్పులు చూశాడు. ఇప్పుడు మోరీ నీళ్లు చూస్తున్నాడు.

మత్తయిని పంపు. మంచినీళ్లిచ్చి కూర్చోబెడతాను. అతనితో నాకు ఒట్టు లేదు.

అండాళమ్మ

*

తుర్కయాంజాల్,
24 ఆగస్టు 2006

వదినెకు వెయ్యి దండాలు!

మత్తయి వచ్చి అంతా చెప్పాడు. నవ్వలేక నాకు కడుపులో నొప్పి వచ్చింది. సీడీ పెట్టే డ్రైవు విప్పితే లోపలంతా ఎర్రగా ఉందట. "అన్నా, నాకు జర భయమైంది. లోపల ఎవరో బోనం జేసినట్టే ఉన్నది" అన్నాడు. నీ గంధం ఎండి, సీడీ గిర్రున తిరిగినప్పుడు కుంకుమంతా లేచి, చదివే కన్ను మీద పడింది. ఒక కంప్యూటర్ గుడ్డిదైతే ఎట్ల చదువుతుంది వదినా?

మెరిసే వైపే చదువుతుంది. దాని మీదే బొట్టు! మరక ఉందా అని అడిగాను. లేదన్నావు. ఆ మురికంతా పూసి పెట్టి, ఎండలో చూసి, మరక ఒక్కటీ లేదని వ్రాశావు. నీ ఉత్తరం దుకాణంలో అందరికీ చదివి వినిపించాను. పదో తరగతి వాళ్లకు కంప్యూటర్ ఎందుకని రమ అన్నది ఇందుకే.

మత్తయి డ్రైవు, కొత్త సీడీ రెండూ తుడిచి విండోస్ ఎక్కించి వచ్చాడు కదా. ఇప్పుడు చెప్పు నీ భజనలో, బాలరాజ్ తప్పు చేయలేదని. ఆ మురికి ఎవరు పూశారో కూడా చెప్పు. ధైర్యముంటే ఈ ఉత్తరమే చదివి వినిపించు.

గెలిచిన మరిది,
బాలరాజ్

*

ఇబ్రహీంపట్నం,
28 ఆగస్టు 2006

బాలరాజ్‌కు,

కంప్యూటర్ నడుస్తున్నది. మత్తయి మర్యాద తెలిసిన మనిషి. డ్రైవు తుడిచిన గుడ్డను పారేయకుండా "అమ్మా, గిది కుంకుమ గదా, ఏడ ఏయమంటవ్?" అని అడిగాడు. తులసి కోట దగ్గర పెట్టమన్నాను.

సీడీ విషయంలో నిన్ను అనుమానించాను. అది పొరపాటు. నువ్వు చెడ్డ సీడీ పంపలేదు. ఈ మాట శనివారం భజనలో అందరికీ చెప్పాను. నీకు బాకీ లేను. నువ్వు మరక ఉందా అని అడిగావు, కుంకుమ ఉందా అని అడగలేదు. నీ ఇంట్లో ఆ రెండూ ఒకటే అయితే నాకెలా తెలుస్తుంది?

చదివి వినిపించమన్నావు కదా, వినిపించాను. మొదటి నుంచి చివరిదాకా, నీ నవ్వులతో సహా. నేనేమీ కలపలేదు, ఏమీ తీయలేదు. కుంకుమ లేచిన చోట అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. "ఆ మురికంతా పూసి" అన్న చోటికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. సుక్కమ్మక్క తాళాలు కింద పెట్టింది.

"మల్ల సదువు" అన్నది. మళ్లీ చదివాను.

"నా చేతి బొట్టును మురికన్నడా?"

ఉత్తరం మడిచి ఆమె చేతిలో పెట్టాను. చదువు రాకపోయినా చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది.

నువ్వు ఇంటికి జాగా కొనేది ఆమె దగ్గరేనన్న సంగతి నాకు గుర్తుంది. నువ్వే మరిచిపోయినట్టున్నావు.

అండాళమ్మ

*

తుర్కయాంజాల్,
1 సెప్టెంబరు 2006

వదినెకు,

ఈ ఉత్తరం రమకు తెలియకుండా వ్రాస్తున్నాను.

సుక్కమ్మ దగ్గరికి పోయాను. కాగితాలన్నీ నా దుకాణంలోనే తయారు చేసి తీసుకుపోయాను, వేలిముద్ర ఒక్కటే తక్కువ. ఆమె అరుగు మీద కూర్చుని నా ముఖం కూడా చూడలేదు. "మురికి చెయ్యి బిడ్డా, నీ తెల్లకాగితం ఖరాబైతది" అన్నది. ఎంత బతిమాలినా అదే మాట. ఆమె కొడుకులు చెప్పినా వినలేదు. చివరికి "అండాళు రాసి తెస్తే ముద్రేస్త. సాయన్న ఇంటి కాగితమైతే కండ్లు మూసుకుని ఏస్త. నీ దుకాణం కాగితం నా వాకిట్లకు రావద్దు" అన్నది.

వెంచర్లు వేసే ముత్యాలు ఆ జాగా మీద కన్నేసి రోజూ వాళ్లింటి ముందు కారు ఆపుతున్నాడు. కోహెడ దారిలో ధరలు ఎట్లా ఎగురుతున్నాయో నీకు తెలియనిది కాదు. ఇది పోతే మళ్లీ ఈ జన్మలో నేను ఇల్లు కట్టను. పితృపక్షం వస్తే ఆమె అసలే ముట్టదు.

రేకు నిన్ననే తీయించాను. సబ్బు పెట్టి నేనే కడిగాను. పేరు కొంచెం గీసుకుపోయింది, రంగు వేయించి నీ గుమ్మానికి నేనే కొడతాను. నలుగురి కాగితాలు వ్రాసేవాణ్ని, నా ఇంటి కాగితం ఇంకొకరితో వ్రాయించుకున్నానంటే ఈ రోడ్డు మీద తలెత్తుకోలేను. నువ్వు సుక్కమ్మతో ఒక్క మాట చెప్పు, నా కాగితం మీదే ముద్ర వేయమని. ఒక్క మాట. నీ మాట వింటుంది.

నీ పెద్దమనసు మీదే ఆశ.
బాలరాజ్

*

ఇబ్రహీంపట్నం,
2 సెప్టెంబరు 2006

బాలరాజ్‌కు,

ఆ ఒక్క మాట చెప్పను.

బోర్డు బుచ్చి ఆటోలో పంపు. నువ్వు కొట్టనక్కర్లేదు, గుమ్మానికి మేకులు కొట్టడానికి నాకు మనుషులున్నారు. రంగు వేయించకు. గీతలు అలాగే ఉండనీ. వచ్చినవాళ్లు ఇవి ఎక్కడివని అడుగుతారు, నేను చెబుతాను.

నీ దస్తావేజు తయారైంది. పొద్దున స్నానం చేసి కూర్చుని నేనే టైపు చేశాను. ఈ కంప్యూటర్ మీద వ్రాసిన మొదటి కాగితం నీదే. సుక్కమ్మక్క పక్కనే కూర్చుని హద్దులు చెప్పింది. తూర్పున బాట, పడమర కాలువ, ఒక్క మాట కూడా నీకు నష్టం కలిగేలా లేదు. నువ్వు ఎంత వెతికినా తప్పు దొరకదు. మీ అన్న పద్ధతిలో వ్రాశాను. నీకు చెడ్డ కాగితం ఇస్తే ఆయన పేరు పోతుంది. నీకు మంచి కాగితం ఇచ్చి కూడా నా కసి తీరుతుంది.

నకలు దీనితో పంపుతున్నాను. చివరి పేజీ కిందికి చూడు. వ్రాసినవారి పేరు ఉండే చోటు. అందులో ఒక్క అక్షరం మార్చినా సుక్కమ్మక్క ముద్ర వేయదు. ఇది నేను నేర్పిన మాట కాదు, చదివి వినిపిస్తే ఆమే అన్నది, "గట్లనే ఉండాలె" అని.

రేపు ఆ జాగాలో ఇల్లు కడతావు. దాని మీద అప్పు తెచ్చినా, పిల్లలకు రాసిచ్చినా, ఎన్నడైనా అమ్మినా, ఈ కాగితమే తీయాలి. తీసిన ప్రతిసారీ ఎవరో ఒకరు చివరిదాకా చదువుతారు. నీ ఇల్లు నిలబడినంతకాలం ఆ పేరు నీ పెట్టెలో, నీ బట్టల మీద, భద్రంగా ఉంటుంది. దీన్ని పరిచే మోరీ ఏదో వెతుక్కో.

సోమవారం రాహుకాలం దాటాక రా. సుక్కమ్మక్క కూడా వస్తుంది, ఇక్కడి నుంచే రిజిస్ట్రేషన్‌కు పోదురు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి రా.

దస్తావేజు వ్రాసినది:
అండాళమ్మ,
కీర్తిశేషులు సాయన్న, దస్తావేజు లేఖరి గారి భార్య